రెండు దేహాల మధ్య గీత

చిత్రకళా ప్రదర్శనకు వెళ్ళినప్పుడు మన రచయితల్లో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ‘‘ఇందులో ఏముంది?’’ అన్నది. రెండో ప్రశ్న ‘‘ఇది అసలు మనిషేనా?’’ అన్నది. కవిత్వంలో ప్రతీకనీ, నవలలో చైతన్య స్రవంతినీ ఎప్పుడో జీర్ణించుకున్నవాళ్ళు కూడా చిత్రపటం ముందు నిలబడేసరికి పోలికల కోసం వెతుకుతారు. ముక్కూ మొహమూ కనిపిస్తే మానవతావాదం, కనిపించకపోతే రూపవాదం అని తేల్చేస్తారు. అభ్యుదయ విమర్శలో ఈ తేలిక తీర్పు చాలాకాలం చెలామణీ అయింది. దీనివల్ల చిత్రకారులకు జరిగిన నష్టం సంగతి అలా ఉంచి, మనకు జరిగిన నష్టం ఏమిటో తెలుసుకోవడం అవసరం.

ఈ తీర్పు మన ఒక్కరిదే కాదు. 1953 మార్చిలో స్టాలిన్ మరణించినప్పుడు ఫ్రాన్సులో కవి అరగాన్ సంపాదకత్వంలో నడుస్తున్న కమ్యూనిస్టు సాహిత్య పత్రికలో పికాసో గీసిన స్టాలిన్ బొమ్మ వెలువడింది. బొమ్మ స్టాలిన్‌లా లేదని పెద్ద అలజడి రేగింది. ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శివర్గం బహిరంగంగానే అసమ్మతి ప్రకటించింది. గీసినవాడు 1937లో ‘గెర్నికా’ గీసినవాడే. 1944 నుంచి పార్టీ సభ్యుడే. ముక్కలు చెక్కలైన దేహాలతో ఫాసిజం క్రౌర్యాన్ని ప్రపంచానికి చూపించిన చేతిని, ఒక మొహం పోలిక కుదరలేదని తప్పు పట్టారు. పోలికే సత్యానికి కొలబద్ద అన్న నమ్మకం ఎంత బలమైనదో ఈ ఘటన చెబుతుంది.

నైరూప్య చిత్రాలన్నీ ఒక్క కోవలోవి కావు. మనిషి పూర్తిగా తొలగిపోయి గీతా, రంగూ మాత్రమే మిగిలినవి కొన్ని. మరి కొన్నిటిలో మనిషి ఉంటాడు. అయితే అతనికి పేరు ఉండదు, పోలిక ఉండదు. దేహం నాలుగు పెద్ద గీతల్లోకి, రెండు మూడు చదునైన రంగుల్లోకి కుదించుకుపోతుంది. ఈ రెండో రకాన్నే ఇక్కడ నైరూప్య మూర్తి చిత్రణ అంటున్నాను. మొహం తొలగిపోయిన తర్వాత ఆ చిత్రంలో మిగిలేది ఒక దేహానికీ మరో దేహానికీ మధ్య ఉన్న దూరం. మాటకు అందని ఆ దూరాన్ని చూపడమే ఈ చిత్రణ ప్రయోజనం. మన దేశంలో ఇది ఎవరి సరదా కోసమో పుట్టలేదనీ, 1943, 1947 సంవత్సరాలు చిత్రకారుల చేత గీయించాయనీ చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొహాలు మాట్లాడిన కాలం

1943లో తెనాలిలో మన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. ఆ సంవత్సరమే బెంగాల్‌ను కరువు కబళించింది. దాదాపు ముప్పై లక్షలమంది చనిపోయారని అంచనా. యుద్ధకాలపు ప్రభుత్వం ఆ కరువును కరువుగా ఒప్పుకోవడానికే సిద్ధంగా లేదు. అటువంటప్పుడు చిత్రకారుడు సాక్షి కావలసి వచ్చింది. చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో ఊరూరా తిరిగి, చూసిన వాళ్ళను చూసినట్టు గీశాడు. ఆ బొమ్మలతో వెలువడిన ‘ఆకలి బెంగాల్’ పుస్తకం ప్రతులను ప్రభుత్వం పట్టుకుని ధ్వంసం చేసింది. జైనుల్ అబేదిన్ చవక కాగితం మీద నల్లసిరాతో కలకత్తా పేవ్‌మెంట్ల మీది శవాలను, ఎంగిలి కోసం కాకులతో కుక్కలతో పోటీపడుతున్న మనుషులను గీశాడు.

ఆ బొమ్మల్లో పోలిక అవసరం. ఎందుకంటే అవతల పాలకుడు ‘‘అటువంటి మనుషులు లేరు’’ అంటున్నాడు. లేరన్నవాడికి జవాబు ఆ మనిషి మొహమే. వాస్తవిక చిత్రణకు మన ఉద్యమం ఇచ్చిన గౌరవం ఇక్కడి నుంచి వచ్చింది. అది న్యాయమైన గౌరవం. అయితే ఒక చారిత్రక సందర్భంలో సరైన పద్ధతిని అన్ని సందర్భాలకూ నియమంగా మార్చడంతోనే చిక్కు మొదలైంది. 1943లో కనిపించని మనిషిని కనిపించేట్టు చేయడం సమస్య. నాలుగేళ్ళు తిరిగేసరికి మరో సమస్య ఎదురైంది. నిన్నటిదాకా పక్కింట్లో ఉన్న మనిషి ఈ రోజు కత్తి పట్టుకున్నాడు. అతని మొహం మనకు తెలుసు. తెలియనిది అతనికీ మనకూ మధ్య ఏం జరిగిందన్నదే.

బొంబాయి ఆరుగురు

1947 చివర్లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ ఏర్పడింది. అంతకు ముందే, 1941లో, తెలంగాణ నుంచి వెళ్ళి జె.జె. స్కూల్‌లో చదువుకున్న పి.టి. రెడ్డి మరి నలుగురితో కలిసి బొంబాయిలో కొత్త చిత్రకారుల బృందాన్ని నిలబెట్టాడన్నది మనవాళ్ళు తరచూ మరిచిపోయే సంగతి. 1947 బృందంలో ఉన్నది ఆరుగురు: సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, శిల్పి బాక్రే. వీళ్ళ పుట్టుపూర్వోత్తరాలు గమనార్హం. ఆరా సికిందరాబాదు పక్కన బొల్లారంలో 1914లో పుట్టాడు. పసితనంలోనే బొంబాయి పారిపోయి, ఇళ్ళలో పనికి కుదిరి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, ఆ తర్వాత చిత్రకారుడయ్యాడు. హుసేన్ సినిమా హోర్డింగులు రాసి పొట్టపోసుకున్నవాడు. సూజా గోవా క్రైస్తవుడు. రాజకీయాల కారణంగా జె.జె. స్కూల్ నుంచి బహిష్కృతుడై కొంతకాలం కమ్యూనిస్టు పార్టీలో పనిచేశాడు. మతాలు వేరు, కులాలు వేరు, భాషలు వేరు. దేశం రెండు ముక్కలవుతున్న సంవత్సరంలో ఈ ఆరుగురూ ఒక గొడుగు కిందికి రావడమే ఒక ప్రకటన.

1949లో వీళ్ళ ప్రదర్శనను ముల్క్ రాజ్ ఆనంద్ ప్రారంభించాడు. లండన్‌లో అభ్యుదయ రచయితల సంఘానికి ఊపిరి పోసినవాళ్ళలో ఆనంద్ ఒకడు. కాబట్టి రచయితల ఉద్యమానికీ ఈ చిత్రకారులకూ చుట్టరికం ఉంది. అయితే చిత్రకారులకూ ప్రజలకూ మధ్య వంతెన కట్టాలన్న తొలి సంకల్పం నుంచి ఆ ప్రదర్శన నాటికే సూజా తప్పుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా సూజా లండన్, రజా పారిస్ దారి పట్టారు. కొన్నేళ్ళలోనే బృందం చెదిరిపోయింది.

అభ్యుదయ విమర్శకుడు ఇక్కడితో ఆగిపోయి ‘‘ప్రజలను వదిలేసి రూపవాదంలోకి జారిపోయారు’’ అని రాసెయ్యవచ్చు. కొందరి విషయంలో అది నిజం కూడా. కాని వంతెన కట్టడం ఎందుకు సాధ్యం కాలేదన్న ప్రశ్ననే తమ చిత్రాల్లో వస్తువుగా తీసుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గర మనం ఆగాలి.

చదవలేని అక్షరాలు

1956లో హుసేన్ గీసిన ‘సాలీడుకూ దీపానికీ మధ్య’ అలాంటి చిత్రం. అయిదుగురు స్త్రీలు. పైన దీపం. ఒక స్త్రీ చేతి నుంచి దారానికి సాలీడు వేలాడుతూ ఉంటుంది. పై భాగంలో అక్షరాల వరస ఉంది. బ్రాహ్మి లిపి కాబోలు అనిపిస్తుంది గాని చదవబోతే ఏ భాషా కాదు. అయిదుగురు ఒకే పటంలో నిలబడి ఉన్నా వాళ్ళ మధ్య సంభాషణ ఉన్నట్టు కనిపించదు. తలపైన మాట ఉంది, అది ఎవరికీ తెలియదు. చేతిలో దీపం ఉండాల్సిన చోట సాలీడు ఉంది.

దీన్ని పొడుపుకథ అనుకుని విప్పబోతే ఏమీ దొరకదు. ఆ స్త్రీలు ఏ దిక్కు తిరిగి ఉన్నారు, ఎవరి భుజానికి ఎవరి భుజం ఎంత దూరం అన్నది చూస్తే దొరుకుతుంది. రాష్ట్రాలు భాషల వారీగా ఏర్పడిన సంవత్సరంలో గీసిన బొమ్మలో ఎవరూ చదవలేని భాష ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఒకచోట నిలబడ్డంత మాత్రాన మనుషుల మధ్య మాట పుట్టదన్న సత్యం మాత్రం యాదృచ్ఛికం కాదు.

ఏటవాలు గీత

ఈ చరిత్రలో కీలకమైన మనిషి తయ్యెబ్ మెహతా (1925-2009). బొంబాయి బృందానికి దగ్గరివాడు. గుజరాత్‌లో కపద్వంజ్‌లో పుట్టాడు, సినిమా ఎడిటింగ్ పని చేసి, ఆ తర్వాత జె.జె. స్కూల్‌లో చేరాడు. 1947 అల్లర్లలో బొంబాయి మహమ్మదాలీ రోడ్డులో తన కిటికీలోంచి, ఒక మనిషిని గుంపు చంపడం చూశాడు. జ్వరంతో మంచం పట్టాడు. ఆ దృశ్యం తనను జీవితాంతం వెంటాడిందని ఆయనే చెప్పుకున్నాడు.

ఆయన ఆ దృశ్యాన్ని దృశ్యంగా గీయలేదు. గుంపును, కత్తిని, నెత్తురును గీయలేదు. 1950లలో కాళ్ళు కట్టి పడేసిన ఎద్దును గీశాడు. కబేళాలో అంత బలమైన జంతువును కట్టేశాక అది వట్టి మాంసపు ముద్దగా మారడం ఆయన చూశాడు. 1960లలో పడిపోతున్న మనిషిని గీశాడు. ఎక్కడి నుంచి పడుతున్నాడో తెలియదు, కింద నేల ఉందో లేదో తెలియదు. పట్టుకోవడానికి మరో చేయి లేదు. మనిషికీ మనిషికీ మధ్య సంబంధం తెగిపోయినప్పుడు ఏమవుతుందన్న దానికి ఇంతకంటే సూటి బొమ్మ ఏముంటుంది? ఆ మనిషి హిందువా ముస్లిమా అని ఎవరూ అడగలేరు. అడగడానికి మొహం మీద గుర్తు లేదు. పోలికను చెరిపెయ్యడం ఇక్కడ తప్పించుకోవడం కాదు. ఏ గుర్తు చూసి మనిషిని చంపారో ఆ గుర్తును చెరిపెయ్యడం అది.

1968లో రాక్‌ఫెల్లర్ ఫండ్ సాయంతో న్యూయార్క్ వెళ్ళిన మెహతా అక్కడ బార్నెట్ న్యూమన్ చిత్రాలను చూశాడు. న్యూమన్ పెద్ద పెద్ద రంగు పటాలను నిలువు గీతతో విభజించాడు. వాటిలో మనుషులు లేరు. ఆ అనుభవంతో తిరిగి వచ్చిన మెహతా 1969లో, కుదరని ఒక కాన్వాసుతో విసిగిపోయి, ఒక మూల నుంచి మరో మూలకు ఏటవాలుగా గీత కొట్టాడు. అక్కడి నుంచి ‘డయాగనల్’ చిత్రాల వరస మొదలైంది.

న్యూమన్ గీతకీ మెహతా గీతకీ తేడా గమనించాలి. న్యూమన్ గీత నిలువుగా, స్థిరంగా రంగుల మధ్య నిలబడింది. మెహతా గీత మనుషుల మీదుగా వెళ్ళింది. ఒక దేహం మొండెం గీతకు ఇవతల, చేయి అవతల. రెండు దేహాలు ఉంటే ఒకరి భుజం మరొకరి రంగులోకి చొరబడుతుంది. గీత విడదీస్తుందా, కలుపుతుందా అన్నది ఎంతసేపు చూసినా తేలదు. ఏటవాలుగా ఉండడం వల్ల అది గోడలా నిలకడగా లేదు, ఇప్పుడే కూలబోతున్నట్టు ఉంది. పందొమ్మిది వందల నలభై ఏడులో దేశపటం మీద గీసిన గీత ఇళ్ళ మధ్య నుంచీ, పొలాల మధ్య నుంచీ, కుటుంబాల మధ్య నుంచీ వెళ్ళింది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఒక చిత్రకారుడి కాన్వాసు మీద అది మనిషి దేహం మధ్య నుంచి వెళ్ళింది. ఆ గీతను ఇలా చదవడం అతిగా చదవడమని నేననుకోను.

1970లో మెహతా ‘కూడల్’ అనే చిన్న సినిమా తీశాడు. బాంద్రా కబేళాలోని దృశ్యాలు అందులో ఉన్నాయి. తమిళంలో ‘కూడల్’ అంటే కలయిక, కలిసే చోటు. మన ‘కూడలి’ దాని తోబుట్టువే. కబేళాకు కూడలి అని పేరు పెట్టినవాడు మానవ సంబంధాల గురించి ఎంత నిర్దయగా, ఎంత నిజాయితీగా ఆలోచించి ఉంటాడో ఊహించుకోవచ్చు.

ఆయన రిక్షా చిత్రాలు మనకు మరింత దగ్గరివి. చిన్నతనంలో కలకత్తాలో చూసిన చేతిరిక్షా లాగేవాళ్ళ జ్ఞాపకం అది. ఆ బొమ్మల్లో రిక్షా కమ్మీలు ఎక్కడ ముగుస్తాయో, మనిషి చేతులు ఎక్కడ మొదలవుతాయో విడదీయలేం. బండీ మనిషీ ఒకే ఆకారం. శ్రమ చేసే మనిషి తన పనిముట్టుకు అతుక్కుపోవడాన్ని, తన శ్రమే తనకు పరాయిది కావడాన్ని మనం సిద్ధాంత వ్యాసాల్లో పేజీల కొద్దీ వివరిస్తాం. ఆ చిత్రంలో దాన్ని ఒక గీత చెబుతుంది. రిక్షావాడి మొహం సవివరంగా గీసి ఉంటే మనకు జాలి కలిగేది. మొహం లేకపోవడం వల్ల వాడికీ బండికీ ఉన్న సంబంధం కనిపిస్తుంది. జాలి కంటే ఆ చూపు పదునైనది.

1990లలో గీసిన మహిషాసుర చిత్రాల్లో దేవీ, మహిషుడూ ఒకరిలోకి ఒకరు చుట్టుకుపోయి ఉంటారు. అది పోరాటమా, కౌగిలా? కాళ్ళు కట్టిన ఎద్దు నలభై ఏళ్ళు ప్రయాణించి దున్నపోతుగా మారి, తనను చంపే చేతుల్లోనే ఆసరా వెతుక్కున్నట్టు ఉంటుంది. మంచికీ చెడ్డకీ మధ్య గీసిన సూటి గీత కూడా ఆయనకు చివరికి నమ్మశక్యం కాలేదు.

ఎడమొహం, పెడమొహం

ఇదంతా నగరాల వాళ్ళ గోల, మన పల్లె మనిషికి అర్థం కాదనే వాదన ఒకటుంది. నేను దాన్ని ఒప్పుకోలేను. మన తోలుబొమ్మలాటనే తీసుకోండి. తోలు మీద చెక్కిన మొహంలో కోపం రాదు, ఏడుపు రాదు. చెక్కినప్పటి మొహమే తెల్లవార్లూ ఉంటుంది. అయినా తెర ముందు కూర్చున్న జనం ఏడుస్తారు, నవ్వుతారు. ఎందుకు? రెండు బొమ్మలు దగ్గరికి రావడం, దూరం జరగడం, ఒక చేయి లేవడం, ఒక తల వంగడం వాళ్ళు చదువుతున్నారు. పాటా మాటా తోడుంటాయి, నిజమే. కాని సంబంధాన్ని మొహంలో కాకుండా ఎడంలో చదివే అలవాటు మన జనానికి తరాల నుంచీ ఉంది.

మన నుడికారం కూడా సాక్ష్యం చెబుతుంది. పొసగని ఇద్దరి గురించి ‘ఎడమొహం పెడమొహంగా ఉన్నారు’ అంటాం. వాళ్ళ కళ్ళెలా ఉన్నాయో, ముక్కెలా ఉందో ఆ మాటలో లేదు. మొహాలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయన్నదే ఉంది. ఆ మాట అన్న తెలుగు ఇల్లాలు తనకు తెలియకుండానే నైరూప్య మూర్తిని గీసింది.

గాయం ఎవరిది?

వాస్తవికత నుంచి నైరూప్యంలోకి వెళ్ళడం ప్రజలను వదిలి వెళ్ళడమేనా అన్న ప్రశ్నకు సోమనాథ్ హోర్ (1921-2006) జీవితం జవాబు. చిట్టగాంగ్ జిల్లాలో పుట్టి, కరువు రోజుల్లో చిత్తప్రసాద్ సాహచర్యంలో కమ్యూనిస్టు పార్టీ పత్రిక కోసం బొమ్మలు వేసినవాడు. 1946 డిసెంబరులో ఉత్తర బెంగాల్ రంగపూర్ ప్రాంతంలో తెభాగా రైతుల మధ్య తిరుగుతూ డైరీ రాశాడు, బొమ్మలు గీశాడు. పంటలో మూడింట రెండు వంతులు మాదే అని కోత కోసుకున్న కౌలు రైతులు, రాత్రి సభలు, కావలి కాసే మనుషులు ఆ బొమ్మల్లో ఉన్నారు. అవి అచ్చమైన వాస్తవిక చిత్రాలు.

ఆయనే 1970ల మొదట్లో ‘గాయాలు’ అనే వరస చేశాడు. వాటిలో సిరా లేదు, రంగు లేదు. మట్టి పలక మీద కత్తితో కోసి, కాల్చి, దాని అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు పోసి చేసిన తెల్లని పలకలు. తెలుపు మీద తెలుపు. ఒక చీలిక, ఒక వాపు, ఒక గుంట. మనిషి మొత్తం తొలగిపోయి మనిషి ఒంటి మీది దెబ్బ మాత్రమే మిగిలింది. కాలం గుర్తుంచుకోవాలి. బెంగాల్ వీధుల్లో యువకులు చచ్చిపోతున్నారు. సరిహద్దుకు అవతల తూర్పు బెంగాల్‌లో ఊచకోత, ఇవతలికి లక్షలాది శరణార్థులు. కరువులో ఒక మొహం గీసి ‘ఇదిగో మనిషి’ అని చూపించిన చిత్రకారుడు, ముప్పై ఏళ్ళ తర్వాత ‘ఇన్ని మొహాల్లో ఎవరిదని గీయను?’ అన్న చోటికి చేరాడు. గాయం ఒక్కరిది కాదు కాబట్టి మొహం ఒక్కరిది ఉండే వీలు లేదు.

కాగితం చర్మమైంది. చూసేవాడికి వేలితో తాకి చూడాలనిపిస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య తొలి భాష స్పర్శే కదా. కన్ను చదవలేని దాన్ని వేలు చదవాలనుకోవడం కూడా సంభాషణే. రంగపూర్ డైరీకీ ఈ తెల్లని పలకలకీ మధ్య మనిషి మారలేదు. పక్షం మారలేదు. చెప్పవలసిన సంగతి మారింది గనుక పద్ధతి మారింది. వస్తువే శిల్పాన్ని నిర్ణయిస్తుందని మనమే అంటాం గదా!

వంతెనా, వేలంపాటా?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నేను నైరూప్యానికి వకాల్తా పుచ్చుకున్నానని పాఠకులు అనుకోవచ్చు. ఈ పద్ధతికి ఉన్న పరిమితిని చెప్పకపోతే అది విమర్శ కాదు.

మెహతా గీత మనుషుల మధ్య దూరాన్ని చూపుతుంది. ఆ గీత ఎవరు గీశారో చెప్పదు. పడిపోతున్న మనిషిని చూపుతుంది. తోసినవాడిని చూపదు. రిక్షా చిత్రాలు తప్ప ఆయన చిత్రాల్లో కారణం ఎక్కువగా పటం బయటే ఉండిపోయింది. అందువల్ల ఆ బాధను ‘మానవ జీవితపు శాశ్వత విషాదం’గా చదివి నిట్టూర్చి ఇంటికి వెళ్ళే సౌకర్యం చూసేవాడికి మిగిలింది. చిత్తప్రసాద్ బొమ్మ ముందు ఆ సౌకర్యం లేదు.

ఆ సౌకర్యాన్ని మార్కెట్టు బాగానే వాడుకుంది. 2002లో న్యూయార్క్ వేలంలో మెహతా ‘సెలబ్రేషన్’ సుమారు కోటిన్నర రూపాయలకు అమ్ముడుపోయింది. 2005లో ‘మహిషాసుర’ పది లక్షల డాలర్ల గీతను దాటింది. 2025లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, కాళ్ళు కట్టిన ఎద్దు బొమ్మ ముంబయి వేలంలో అరవై కోట్ల రూపాయలు దాటింది. ఒకనాడు హోర్డింగులు రాసిన హుసేన్ 1954లో గీసిన ‘గ్రామయాత్ర’ అదే సంవత్సరం న్యూయార్క్‌లో నూట పది కోట్లకు పైగా పలికింది. ఆ హుసేన్ 2006లో దేశం వదిలి, 2011లో పరాయి దేశ పౌరుడిగా లండన్‌లో కన్నుమూశాడు. మనుషుల మధ్య సంబంధం తెగిపోయిందని చెప్పిన చిత్రాలే సరుకులుగా మారాయి. సంబంధాలను సరుకులు మింగేస్తాయన్న మాటకు ఇంతకంటే దారుణమైన ఉదాహరణ అక్కర్లేదు. అయితే ఈ దోషం గీతది కాదు. చిత్తప్రసాద్ బొమ్మలు కూడా ఈనాడు వేలంలో ఉన్నాయి. వాస్తవికత కూడా సుత్తి దెబ్బ నుంచి తప్పించుకోలేదు.

మరి రచయితలుగా మనం నేర్చుకోవలసింది ఏమిటి? మన కథల్లో పాత్రల మొహాలను మనం బాగా వర్ణిస్తాం. ఆసామి మీసం, కూలీ డొక్క, తల్లి కన్నీరు మనకు కంఠతా వచ్చు. ఆసామి అరుగు మీద కూర్చుంటే కూలీ ఎంత దూరంలో నిలబడ్డాడు, ఆ దూరాన్ని ఎవరు కొలిచి పెట్టారు, ఆ దూరం ఏ రోజు ఒక అడుగు తగ్గింది అన్నది అంత శ్రద్ధగా రాయం. కులమూ వర్గమూ మన ఊళ్ళలో మొహాల మీద కంటే ఆ దూరంలోనే కనిపిస్తాయి. చిత్రకారుడు ఆ దూరాన్ని గీసి చూపాడు. దాన్ని ఎవరు గీశారో పేరు పెట్టి చెప్పడం మాటలున్న మన వంతు. ఒకరు ఆపిన చోట మరొకరు అందుకుంటే 1949లో కట్టకుండా వదిలేసిన వంతెన రెండు వైపుల నుంచీ మొదలవుతుంది.

ఈసారి ప్రదర్శనకు వెళ్ళినప్పుడు ‘‘ఇందులో ఏముంది?’’ అని అడిగే ముందు ‘‘వీళ్ళిద్దరి మధ్య ఏముంది?’’ అని అడిగి చూడండి. జవాబు చెప్పడానికి మన దగ్గర కావలసినంత చరిత్ర ఉంది.